జీరోఎంక్యూతో అప్లికేషన్ల మధ్య సందేశాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో చిన్న సాఫ్ట్‌వేర్ పనులు చేసేవారూ, కాలేజీల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టులు చేసే విద్యార్థులూ, ప్రోగ్రాంల మధ్య సందేశాలు చేరవేసే జీరోఎంక్యూ (ZeroMQ) గురించి పదే పదే అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ఉదాహరణల కోసం వరంగల్‌లోని ఎనుమాములలో ఉన్నటువంటి ఒక పెద్ద మార్కెట్ యార్డును ఊహించుకున్నాము. అందులో గేటు దగ్గర ఒక ప్రోగ్రాం, వేబ్రిడ్జి దగ్గర మరొకటి, ధరల బోర్డులకు ఒకటి, అడ్తిదారుల లెక్కలకు ఒకటి నడుస్తున్నాయనుకుందాము. ఇది కేవలం ఊహ. అక్కడ నిజంగా నడిచే సాఫ్ట్‌వేర్‌తో దీనికి సంబంధం లేదు. సమాధానాలన్నీ నాలుగో తరం వెర్షన్లను, అంటే 4.0 తర్వాత వచ్చినవాటిని, దృష్టిలో పెట్టుకుని రాసినవి.

## మొదలుపెట్టే ముందు

జీరోఎంక్యూ అంటే సర్వరా, లైబ్రరీయా? దేన్ని ఇన్‌స్టాల్ చేసి నడపాలి?

అది లైబ్రరీ మాత్రమే. విడిగా నడపవలసిన సర్వర్ గానీ, సర్వీసు గానీ, అడ్మిన్ పేజీ గానీ ఏదీ లేదు. మీ ప్రోగ్రాం ఆ లైబ్రరీని కలుపుకుంటుంది, అవతలి ప్రోగ్రాం కూడా కలుపుకుంటుంది, ఆ రెండూ నేరుగా మాట్లాడుకుంటాయి. 2007లో ఐమేటిక్స్ అనే సంస్థలో మార్టిన్ సుస్త్రిక్, పీటర్ హింట్యెన్స్ దీనిని మొదలుపెట్టారు. అసలు లైబ్రరీని సీ ప్లస్ ప్లస్‌లో రాశారు, మిగతా భాషల వారు ఎక్కువగా దాని మీద కట్టిన తొడుగులను, అంటే తమ భాష నుంచి దానిని పిలిచే కోడ్‌ను, వాడతారు. మధ్యవర్తి లేడు కాబట్టి మీ సందేశాన్ని దాచిపెట్టేవాడు కూడా ఎవడూ లేడన్న సంగతిని మొదటి రోజే గుర్తుపెట్టుకోవాలి. ఈ లైబ్రరీ గురించి వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా దానిని మరిచిపోవడం వల్లనే వస్తాయని మా అభిప్రాయం.

మామూలు టీసీపీ సాకెట్ ఉండగా ఇది ఎందుకు?

టీసీపీ బైట్లను వరుస తప్పకుండా చేరుస్తుంది, కానీ ఒక సందేశం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో దానికి తెలియదు. వేబ్రిడ్జి ప్రోగ్రాం మొదట 5240 అని, తర్వాత 4875 అని పంపితే, అవతలి వైపు ఒకసారి 52404 అనీ, మరోసారి 875 అనీ చదివే అవకాశం ఉంది. హద్దులు గీసే పని మీదే అవుతుంది. జీరోఎంక్యూలో సందేశం వస్తే మొత్తంగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. దీనికి తోడు తెగిన కనెక్షన్‌ను తిరిగి కలపడం, పంపవలసినవాటిని క్యూలో ఉంచడం, ఒకే సాకెట్‌తో పలువురితో మాట్లాడడం వంటి పనులను వెనుక నడిచే ఒక ఐ/ఓ (నెట్‌వర్క్ రాకపోకల) థ్రెడ్ చూసుకుంటుంది. దానికి ప్రతిగా మీరు వదులుకునేది ఒకటుంది: అవతలివాడు ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నాడా లేడా అన్నది సాకెట్ మీకు నేరుగా చెప్పదు.

రాబిట్‌ఎంక్యూ, కాఫ్కా, ఎంక్యూటీటీ ఉన్నాయి కదా, వాటి బదులు దీన్ని వాడొచ్చా?

సందేశం పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు మీరిచ్చే జవాబును బట్టి ఉంటుంది. రాబిట్‌ఎంక్యూ ఒక బ్రోకర్, అంటే సందేశాలను మధ్యలో అందుకుని చేరవేసే సర్వర్. అడిగితే సందేశాన్ని డిస్కు మీద రాసి ఉంచుతుంది. కాఫ్కా ప్రతి సందేశాన్నీ ఒక లాగ్‌లో వరుసగా భద్రపరుస్తుంది కాబట్టి నిన్నటివాటిని కూడా తిరిగి చదువుకోవచ్చు. ఎంక్యూటీటీని తక్కువ శక్తి గల పరికరాల కోసం రూపొందించారు. దానికి మస్కిటో వంటి బ్రోకర్ కావాలి, మూడు స్థాయుల చేరవేత హామీలు ఉంటాయి. జీరోఎంక్యూ ఇవేవీ చేయదు. ఒకే యంత్రంలోని ప్రోగ్రాంల మధ్య గానీ, ఒకే ఆఫీసు నెట్‌వర్క్‌లోని యంత్రాల మధ్య గానీ, తక్కువ ఆలస్యంతో, తక్కువ ఏర్పాటుతో మాట్లాడించడానికి ఇది సరిపోతుంది. ధరల బోర్డుకు నిరభ్యంతరంగా వాడవచ్చు, ఎందుకంటే ఒక ధర పోయినా కాసేపటికి మరో ధర వస్తుంది. రైతుకు చెల్లించవలసిన మొత్తం నమోదయ్యే చోట మాత్రం ముందుగా డేటాబేసులో రాసి, ఆ తరువాతే సందేశం పంపండి.

నానోఎంఎస్‌జీ, ఎన్‌ఎన్‌జీ అని కూడా వింటున్నాం. అవి దీనికన్నా మంచివా?

మార్టిన్ సుస్త్రిక్ జీరోఎంక్యూ నుంచి బయటికి వచ్చిన తరువాత సీ భాషలో రాసిన లైబ్రరీ నానోఎంఎస్‌జీ, దాని 1.0 వెర్షన్ 2016లో వచ్చింది. దానిని గారెట్ డి'అమోర్ మళ్ళీ మొదటి నుంచి రాయగా వచ్చింది ఎన్‌ఎన్‌జీ. రెండింటికీ ఎంఐటీ లైసెన్సు ఉంది. అందరినీ ఒకేసారి ప్రశ్నించి, గడువులోగా వచ్చిన జవాబులు తీసుకునే సర్వేయర్ వంటి నమూనాలు వాటిలో ఉన్నాయి. అయితే ఒకవైపు జీరోఎంక్యూ, మరోవైపు ఎన్‌ఎన్‌జీ పెట్టి మాట్లాడించలేరు, తీగ మీద అవి వాడే ప్రోటోకాల్‌లు వేరు. మీ భాషకు తొడుగు, ఉదాహరణలు ఎక్కడ ఎక్కువగా దొరికితే దానినే ఎంచుకోండి. చాలామందికి అది ఇప్పటికీ జీరోఎంక్యూయే.

పైథాన్ తప్ప మాకేమీ రాదు. సరిపోతుందా?

సరిపోతుంది. పైజెడ్‌ఎంక్యూ ప్యాకేజీని పిప్‌తో వేసుకుంటే సాధారణంగా అసలు లైబ్రరీ కూడా దానితోనే వస్తుంది. జూపిటర్ నోట్‌బుక్ వాడిన ప్రతి విద్యార్థీ తనకు తెలియకుండానే జీరోఎంక్యూను వాడినట్టే, ఎందుకంటే నోట్‌బుక్‌కూ కెర్నల్‌కూ మధ్య సందేశాలు దాని మీదనే నడుస్తాయి. జావాలో పూర్తిగా జావాతోనే రాసిన జెరోఎంక్యూ, సీ షార్ప్‌లో నెట్‌ఎంక్యూ ఉన్నాయి. ఇవన్నీ ఒకే ప్రోటోకాల్‌ను పాటిస్తాయి కాబట్టి వేబ్రిడ్జి దగ్గర సీ షార్ప్, లెక్కల దగ్గర పైథాన్ ఉన్నా ఇబ్బంది లేదు.

డబ్బు తీసుకుని అమ్మే సాఫ్ట్‌వేర్‌లో వాడితే లైసెన్సు సమస్య వస్తుందా?

రాదు. 2023లో వచ్చిన 4.3.5 నుంచి అసలు లైబ్రరీ మొజిల్లా పబ్లిక్ లైసెన్సు 2.0 కింద ఉంది. లైబ్రరీ ఫైళ్ళలో మీరు మార్పులు చేసి పంచితే ఆ మార్పులను బయటపెట్టాలి. మీ సొంత కోడ్‌ను బయటపెట్టనక్కరలేదు.

## మొదటి ప్రోగ్రాం రాసేటప్పుడు

ఎవరు బైండ్ చేయాలి, ఎవరు కనెక్ట్ చేయాలి?

ఎప్పుడూ ఒకే చోట, ఒకే చిరునామాలో ఉండేవారు బైండ్ చేయాలి, అంటే ఆ చిరునామాను తెరిచి ఎదురుచూడాలి. వస్తూ పోతూ ఉండేవారు కనెక్ట్ చేయాలి. ఎవరు పంపుతారు, ఎవరు అందుకుంటారు అన్నదానితో దీనికి సంబంధం లేదు. పంపేవారు కనెక్ట్ చేయవచ్చు, అందుకునేవారు బైండ్ చేయవచ్చు. టీసీపీలో ఏది ముందు మొదలైనా ఫరవాలేదు. కనెక్ట్ చేసినవారు అవతలివారు లేచేదాకా ప్రయత్నిస్తూనే ఉంటారు.

తరచుగా జరిగే పొరపాటు బైండ్ చిరునామాలో ఉంటుంది. 127.0.0.1 మీద బైండ్ చేస్తే ఆ యంత్రంలోని ప్రోగ్రాంలు తప్ప వేరే యంత్రం నుంచి ఎవరూ చేరుకోలేరు. బయటివారు కూడా రావాలంటే ఆ యంత్రపు నెట్‌వర్క్ చిరునామా గానీ, అన్ని ఇంటర్‌ఫేసులను సూచించే నక్షత్రం గుర్తు గానీ ఇవ్వాలి. బైండ్‌లో అంకెల చిరునామా లేదా ఇంటర్‌ఫేసు పేరు మాత్రమే చెల్లుతుంది. డొమైన్ పేరును కనెక్ట్‌లో వాడవచ్చు. ఇవన్నీ సరిగా ఉండి కూడా కలవకపోతే యంత్రపు ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి.

టీసీపీ, ఐపీసీ, ఇన్‌ప్రాక్ – వీటిలో ఏది వాడాలి?

వేర్వేరు యంత్రాల మధ్య అయితే టీసీపీ, ఒకే యంత్రంలోని వేర్వేరు ప్రాసెస్‌ల మధ్య అయితే ఐపీసీ, ఒకే ప్రాసెస్‌లోని థ్రెడ్ల మధ్య అయితే ఇన్‌ప్రాక్. ఐపీసీ అనేది యూనిక్స్ డొమైన్ సాకెట్ల మీద నడుస్తుంది. విండోస్‌లోని చాలా పాత బిల్డులలో అది ఉండదు కాబట్టి, విండోస్ యంత్రాలు కలిసి ఉన్న చోట 127.0.0.1 మీద టీసీపీ వాడితే గొడవ ఉండదు. ఇన్‌ప్రాక్ వాడాలంటే రెండు సాకెట్లూ ఒకే కాంటెక్స్ట్ (ప్రాసెస్‌లోని సాకెట్లను పుట్టించి నిర్వహించే వస్తువు) నుంచి పుట్టి ఉండాలి. తరువాత రవాణా మార్చుకోవాలంటే చిరునామా వాక్యం ఒక్కటి మారిస్తే చాలు, మిగతా కోడ్ అలాగే ఉంటుంది.

కాంటెక్స్ట్ ఎన్ని పెట్టాలి? ఒకే సాకెట్‌ను రెండు థ్రెడ్లు వాడొచ్చా?

ఒక ప్రాసెస్‌కు ఒక కాంటెక్స్ట్ చాలు, దానిని థ్రెడ్లన్నీ పంచుకోవచ్చు. సాకెట్‌ను మాత్రం పంచుకోకూడదు. రెండు థ్రెడ్లు ఒకే సాకెట్‌లో రాస్తే పరీక్షలో అంతా బాగానే ఉన్నట్టు కనిపించి, రద్దీ ఉన్న రోజున ప్రోగ్రాం కారణం చెప్పకుండా కూలిపోతుంది. థ్రెడ్‌కొక సాకెట్ తెరిచి, వాటిని ఇన్‌ప్రాక్ ద్వారా కలపడం సరైన పద్ధతి. అలాగే ఫోర్క్ చేసిన (ప్రాసెస్‌కు నకలుగా పిల్ల ప్రాసెస్‌ను పుట్టించిన) తరువాత పిల్ల ప్రాసెస్ తల్లి తెరిచిన కాంటెక్స్ట్‌ను వాడకూడదు, తనకు కొత్తది తెరుచుకోవాలి. పైథాన్‌లో మల్టీప్రాసెసింగ్ వాడేవారు ఇక్కడే ఇరుక్కుంటారు.

మెసేజ్‌లో ఏ రూపంలో డేటా పంపాలి?

జీరోఎంక్యూకు మీ డేటా కేవలం బైట్లు. దానిని జేసన్, మెసేజ్‌ప్యాక్, ప్రోటోబఫ్ లాంటి ఏ రూపంలోనైనా మీరే పేర్చుకోవాలి. మొదట జేసన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే తేడా వచ్చినప్పుడు కంటితో చదవగలుగుతారు. పైథాన్ జేసన్ మాడ్యూల్ మామూలుగా ప్రతి తెలుగు యూనికోడ్ సంకేతాన్నీ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ ఒక సంకేతం) ఆరు అక్షరాల ఎస్కేప్‌గా మార్చుతుంది. అదే యూటీఎఫ్-8లో మూడు బైట్లే. రైతుల పేర్లు, ఊర్ల పేర్లు ఎక్కువగా పంపేవారు ఆ ఎస్కేప్‌ను ఆపివేస్తే పరిమాణం తగ్గుతుంది. పైథాన్ పికిల్‌ను మాత్రం నెట్‌వర్క్ మీద వాడవద్దు, ఎందుకంటే బయటి నుంచి వచ్చిన పికిల్‌ను విప్పడమంటే పంపినవాడు కోరిన కోడ్‌ను మీ యంత్రంలో నడపనివ్వడమే.

## నమూనా ఎంచుకునేటప్పుడు

పబ్-సబ్‌కు, పుష్-పుల్‌కు తేడా ఏమిటి? రెండూ పంపడమే కదా?

పబ్-సబ్‌లో ఒక సందేశం కోరినవారందరికీ చేరుతుంది, పుష్-పుల్‌లో ఒక సందేశం ఒక్కరికే చేరుతుంది. ఉదయం జెండా పాట అనే వేలంలో తేలిన మిర్చి ధరను అన్ని బోర్డులకూ చూపించాలంటే పబ్-సబ్ కావాలి. వచ్చిన తక్‌పట్టీలను (అమ్మకం చీటీలను) మూడు ప్రింటర్లకు పంచి ముద్రించాలంటే పుష్-పుల్ కావాలి, ఎందుకంటే ఒకే పట్టీ మూడుసార్లు అచ్చుకాకూడదు. నిండిపోయినప్పుడు ఇవి ప్రవర్తించే తీరు కూడా వేరు: పబ్ మిగిలినవాటిని పారేస్తుంది, పుష్ పంపేవాడినే ఆపివేస్తుంది. ఈ రెండో తేడా మొదటిదానికంటే ముఖ్యమైనది, కానీ దానిని చాలా ఆలస్యంగా గమనిస్తారు.

రిక్వెస్ట్ పంపినంక రిప్లై వస్తలేదు, ప్రోగ్రాం అక్కడే ఆగిపోయింది. ఏం చేయాలి?

రిక్వెస్ట్-రిప్లై జత ఖచ్చితమైన వంతుల పద్ధతిలో నడుస్తుంది: ఒకటి పంపాలి, జవాబు అందుకోవాలి, తరువాతే మరొకటి పంపాలి. జవాబు రాకముందే రెండోది పంపబోతే ఈ స్థితిలో ఆ పని కుదరదన్న లోపం వస్తుంది. జవాబు చెప్పవలసిన ప్రోగ్రాం ప్రశ్న అందుకున్న తరువాత కరెంటు పోయి ఆగిపోయిందనుకుందాము. అది తిరిగి లేచినా పాత ప్రశ్న దానికి గుర్తుండదు, అడిగినవాడు మాత్రం ఆ జవాబు కోసమే ఎదురుచూస్తూ ఉంటాడు. కనెక్షన్ తిరిగి కలిసినా ఈ ప్రతిష్టంభన విడిపోదు.

దీనికి పరిష్కారం అందుకునే వైపు గడువు పెట్టడం. గడువు దాటితే ఆ సాకెట్‌ను లింగర్ (మూసేటప్పుడు ఇంకా పంపని సందేశాల కోసం ఆగే సమయం) సున్నాతో మూసివేసి, కొత్త సాకెట్ తెరిచి, ప్రశ్నను మళ్ళీ పంపాలి. కొన్నిసార్లు ప్రయత్నించి, అప్పటికీ జవాబు లేకపోతే వినియోగదారుకు స్పష్టంగా చెప్పాలి. సాకెట్ మూయడం ఇష్టం లేనివారికి 4.0 నుంచి రిలాక్స్‌డ్, కోరిలేట్ అనే రెండు ఐచ్ఛికాలు ఉన్నాయి: మొదటిది వంతు తప్పించుకోవడానికి అనుమతిస్తుంది, రెండోది ఆలస్యంగా వచ్చిన పాత జవాబును కొత్త ప్రశ్నకు అంటగట్టకుండా చూస్తుంది. వాడితే రెండింటినీ కలిపే వాడండి.

మళ్ళీ పంపడంలో ఒక ప్రమాదం ఉంది. మొదటి ప్రశ్న నిజంగా చేరి, పని జరిగి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. అప్పుడు రెండోసారి పంపితే ఒకే లాట్ రెండుసార్లు నమోదవుతుంది. కాబట్టి ప్రతి ప్రశ్నకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో వచ్చినదానికి సర్వర్ పని మళ్ళీ చేయకుండా పాత జవాబునే ఇచ్చేటట్టు రాయాలి.

డీలర్, రౌటర్ అనేవి ఎప్పుడు అవసరమవుతాయి?

ఒక జవాబు కోసం ఆగకుండా చాలా ప్రశ్నలు పంపవలసి వచ్చినప్పుడు డీలర్ సాకెట్, ఒకే సర్వర్ చాలామందికి వరుస క్రమంతో పని లేకుండా జవాబులు ఇవ్వవలసి వచ్చినప్పుడు రౌటర్ సాకెట్ కావాలి. రౌటర్ వచ్చిన ప్రతి సందేశం ముందు పంపినవారి గుర్తింపును ఒక ఫ్రేముగా (సందేశంలోని ఒక భాగంగా) జోడిస్తుంది. జవాబు పంపేటప్పుడు అదే ఫ్రేమును ముందు పెట్టాలి. ఆ గుర్తింపు గలవారు లేకపోతే రౌటర్ ఆ జవాబును ఏమీ చెప్పకుండా పారేస్తుంది. మాండేటరీ అనే ఐచ్ఛికం పెడితే పారేయకుండా లోపం తెలుపుతుంది, కాబట్టి అభివృద్ధి దశలో దానిని తప్పక పెట్టుకోండి.

ఇద్దరు వర్కర్లను పెడితే మొదటివానికే పనంతా పోతున్నది. సమానంగా పంచదా?

పుష్ సాకెట్ అప్పటికి కలిసి ఉన్నవారికి వంతులవారీగా పంచుతుంది, ఎవరు ఖాళీగా ఉన్నారో చూడదు. మొదటి వర్కర్, అంటే పని అందుకునే పుల్ ప్రోగ్రాం, ముందుగా కలిస్తే, రెండోవాడు వచ్చేలోపే వందల సందేశాలు మొదటివాని క్యూలోకి వెళ్ళిపోతాయి. అందరూ కలిశాకే పంపడం మొదలుపెట్టండి. పనులు ఒక్కొక్కటి ఎక్కువ సమయం తీసుకునేవైతే, వర్కరే వచ్చి పని అడిగే పద్ధతిలో రౌటర్‌తో రాయండి.

దీనికి తోబుట్టువైన సమస్య మరొకటి ఉంది. పుష్ వైపు రెండు చిరునామాలకు కనెక్ట్ చేసి, వాటిలో ఒక యంత్రం అసలు లేవకపోయినా, సగం సందేశాలు ఆ లేని యంత్రం పేరు మీద క్యూలో చేరుతూనే ఉంటాయి. పుష్ వైపు బైండ్ చేయడం గానీ, కలిసినవారికే పంపమనే ఇమీడియట్ ఐచ్ఛికం పెట్టడం గానీ చేస్తే ఇది ఆగుతుంది.

## మెసేజ్‌లు రానప్పుడు

పబ్లిషర్ పంపుతూనే ఉంది, సబ్‌స్క్రైబర్‌కు ఒక్కటి కూడా వస్తలేదు. ఎందుకు?

సబ్ సాకెట్ తెరిచి కనెక్ట్ చేసినంత మాత్రాన ఏదీ రాదు. ఏ అంశం కావాలో సబ్‌స్క్రైబ్ చేసి చెప్పాలి. అన్నీ కావాలంటే ఖాళీ పేరుతో సబ్‌స్క్రైబ్ చేయాలి. ఇది చేసి కూడా రాకపోతే, పంపే సందేశపు మొదటి బైట్లే అంశం పేరుగా లెక్కకు వస్తాయన్నది చూడండి. ముందు జేసన్ పెట్టి తరువాత అంశం పెడితే వడపోతలో అన్నీ పోతాయి. అంశాన్ని ఒక ఫ్రేముగా, విషయాన్ని మరో ఫ్రేముగా పంపడం శుభ్రమైన పద్ధతి. రెండు ఫ్రేములూ కలిసే చేరుతాయి, సగం సందేశం ఎప్పుడూ రాదు.

అంశం పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ జాగ్రత్తలు కావాలి. వడపోత అక్షరాలను చూడదు, బైట్లను మొదటి నుంచి పోల్చి చూస్తుంది. తెలుగు సంకేతం ప్రతిదీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. పత్తి అన్న మాటలో ఐదు సంకేతాలు, అంటే పదిహేను బైట్లు ఉంటాయి. పత్తి అని సబ్‌స్క్రైబ్ చేసినవారికి పత్తిగింజల సందేశాలు కూడా వస్తాయి. ఇది కంటికి కనబడుతుంది కాబట్టి ఊహించవచ్చు. వరంగల్ అని సబ్‌స్క్రైబ్ చేసినవారికి వరంగల్లు అన్న అంశం కూడా వస్తుందన్నది అంత సులువుగా తట్టదు. తెర మీద చివరి అక్షరం వేరుగా కనిపించినా, బైట్లలో మొదటిది రెండోదానికి ఆరంభ భాగమే.

ఇంకా ఇబ్బంది పెట్టేవి కంటికి కనిపించని తేడాలు. కొన్ని కీబోర్డులు పదం మధ్యలో పొల్లు నిలపడానికి వెడల్పు లేని ఒక సంకేతాన్ని చేర్చుతాయి. అది యూనికోడ్‌లో 200సీ, యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఒకవైపు అది ఉండి మరోవైపు లేకపోతే, తెర మీద రెండు పేర్లూ దాదాపు ఒకేలా ఉన్నా సందేశం మాత్రం రాదు, లోపమూ కనిపించదు. ఐత్వాన్ని కూడా ఒకే సంకేతంగా గానీ, రెండు సంకేతాలుగా గానీ రాయవచ్చు. పైడిపల్లి అన్న ఊరి పేరు రెండు యంత్రాల్లో రెండు రకాల బైట్లుగా ఉండే అవకాశం ఉంది. రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ సాధారణీకరణ (ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకే రూపానికి తేవడం) చేస్తే ఐత్వం సమస్య తీరుతుంది గానీ వెడల్పు లేని సంకేతం అలాగే మిగులుతుంది, దానిని విడిగా తొలగించాలి.

మా సలహా ఏమిటంటే, అంశానికి సమాన పొడవు గల అంకెల కోడ్ పెట్టి, తెలుగు పేరును సందేశం లోపల పంపండి. కోడ్ పొడవు సమానంగా లేకపోతే 1 అని అడిగినవారికి 10, 11, 12 కూడా వస్తాయి. పేర్లే కావాలనుకుంటే ప్రతి పేరు చివర ఒక గీతను హద్దుగా పెట్టి, ఆ గీతతో సహా సబ్‌స్క్రైబ్ చేయండి.

మొదటి కొన్ని మెసేజ్‌లు మాయమవుతున్నాయి, తర్వాత సరిగ్గా వస్తున్నాయి. ఇది బగ్గా?

బగ్ కాదు. కనెక్షన్ కలిసి, సబ్‌స్క్రిప్షన్ పబ్లిషర్‌కు చేరేదాకా పబ్ సాకెట్‌కు ఆ సబ్‌స్క్రైబర్ ఉన్నాడనే తెలియదు. ఆలోపు పంపినవి పోతాయి. హన్మకొండ బస్టాండులో మైకు ప్రకటన అయిపోయిన తరువాత లోపలికి వచ్చిన ప్రయాణికుడి పరిస్థితే ఇది. చాలామంది పంపేముందు ఒక సెకను నిద్ర పెట్టి సరిపెడతారు. అది మీ బల్ల మీద పనిచేస్తుంది, నెట్‌వర్క్ నెమ్మదించిన రోజు పనిచేయదు.

సబ్‌స్క్రైబర్ మొదట వేరే రిక్వెస్ట్ సాకెట్ ద్వారా ప్రస్తుత స్థితి మొత్తాన్ని అడిగి తెచ్చుకోవడం, ఆ తరువాత పబ్-సబ్ ద్వారా వచ్చే మార్పులను దాని మీద చేర్చుకోవడం సరైన పద్ధతి. సందేశాలకు వరుస సంఖ్యలు ఇస్తే ఎక్కడి నుంచి చేర్చుకోవాలో, మధ్యలో ఏది పోయిందో తెలుస్తుంది. ముందుగా సబ్‌స్క్రైబ్ చేసి, ఆ తరువాతే స్థితిని అడగాలి. క్రమం తిరగబడితే ఆ రెంటి మధ్య వచ్చినవి జారిపోతాయి.

రద్దీ ఉన్నప్పుడు మాత్రమే మధ్యమధ్యలో మెసేజ్‌లు పోతున్నాయి. ఎందుకు?

ప్రతి క్యూకూ హై వాటర్ మార్క్ అనే పరిమితి ఉంటుంది. 3.0 తరువాతి వెర్షన్లలో అది పంపే వైపు 1000 సందేశాలు, అందుకునే వైపు 1000 సందేశాలు. అందుకునేవాడు నెమ్మదిగా ఉండి క్యూ నిండితే పబ్ ఆ సబ్‌స్క్రైబర్‌కు వెళ్ళవలసినవాటిని పారేస్తుంది, ఎవరికీ చెప్పదు. పరిమితిని సున్నా చేస్తే హద్దు ఉండదు, కానీ అప్పుడు క్యూ యంత్రపు మెమరీనంతా తినేసి ప్రోగ్రామే పోతుంది. రెండో నష్టం మొదటిదానికంటే పెద్దది.

ముందుగా అందుకునేవాడు ఎందుకు నెమ్మదిగా ఉన్నాడో చూడండి. సందేశం వచ్చిన ప్రతిసారీ డేటాబేసులో రాసి కమిట్ చేయడమే తరచుగా కారణమవుతుంది. అందుకోవడాన్ని ఒక థ్రెడ్‌లో, రాయడాన్ని మరో థ్రెడ్‌లో పెట్టి, గుంపుగా కమిట్ చేస్తే సరిపోతుంది. తాజా విలువ ఒక్కటే కావలసిన బోర్డులకు కాన్‌ఫ్లేట్ ఐచ్ఛికం ఉంది, అది చివరి సందేశాన్ని మాత్రమే ఉంచుతుంది. అయితే పలు ఫ్రేముల సందేశాలతో అది పనిచేయదు. పరిమితిని మార్చదలిస్తే బైండ్, కనెక్ట్‌ల కంటే ముందే మార్చాలి.

## అమలులో పెట్టిన తరువాత

ప్రోగ్రాం మూసేస్తే ముగుస్తలేదు, అట్లనే వేలాడుతున్నది. ఏమైంది?

క్యూలో ఇంకా పంపని సందేశాలు ఉన్నాయి. లింగర్ విలువ మామూలుగా మైనస్ ఒకటి, అంటే అవి చేరేదాకా ఎంతకాలమైనా ఆగమని అర్థం; అవతలి యంత్రం లేకపోతే ఆ ఎదురుచూపుకు అంతం ఉండదు. సాకెట్ మూసేముందు లింగర్‌ను కొన్ని సెకన్లకు, అంటే కొన్ని వేల మిల్లీసెకన్లకు, పెట్టండి. సున్నా పెడితే వెంటనే ముగుస్తుంది కానీ క్యూలోనివి పోతాయి. సాకెట్లలో ఏ ఒక్కటి మూయకపోయినా కాంటెక్స్ట్ ముగింపు దగ్గర ఇలాగే ఆగిపోతుంది.

కేబుల్ ఊడినా, అవతల కరెంటు పోయినా సబ్‌స్క్రైబర్‌కు తెలియడం లేదు. ఎలా పట్టుకోవాలి?

ప్రోగ్రాం మామూలుగా ముగిస్తే ఆపరేటింగ్ సిస్టం కనెక్షన్‌ను మూసివేస్తుంది, జీరోఎంక్యూ దాదాపు 100 మిల్లీసెకన్ల విరామంతో తిరిగి కలవడానికి ప్రయత్నిస్తూ ఉంటుంది. యంత్రం ఉన్నపళంగా ఆరిపోతే గానీ, మధ్యలో స్విచ్ పోతే గానీ ఆ మూసివేత కబురు రాదు. సబ్‌స్క్రైబర్ తన వైపు నుంచి ఏమీ పంపడు కాబట్టి తీగ తెగినట్టు అతనికి తెలిసే అవకాశమే లేదు. టీసీపీ కీప్‌అలైవ్ ఉంది గానీ, అది లైనక్స్‌లో మామూలుగా 7200 సెకన్లు, అంటే రెండు గంటలు, నిశ్శబ్దం గడిచాకే మొదలవుతుంది. అది కూడా అడిగి పెట్టుకుంటేనే.

4.2 నుంచి హార్ట్‌బీట్ ఐచ్ఛికాలు ఉన్నాయి. విరామం, గడువు మిల్లీసెకన్లలో పెడితే లైబ్రరీయే కనెక్షన్‌ను పరీక్షించి, చనిపోయినదాన్ని తెంచి, మళ్ళీ కలుపుతుంది. దీనితోపాటు పబ్లిషర్ ఐదు సెకన్లకొకసారి గడియారం సందేశం ఒకటి పంపడం మంచిది. ధర మారక బోర్డు ఊరుకున్నదా, లేక కనెక్షన్ పోయి ఊరుకున్నదా అన్నది ఆ సందేశంతోనే తేలుతుంది. అది ఆగితే పాత ధరను చూపిస్తూ కూర్చోకుండా బోర్డు మీద సమాచారం అందడం లేదని రాయించండి. తప్పుడు ధర చూసి రైతు లాట్ అమ్ముకోవడం కంటే ఖాళీ బోర్డు నయం.

మెసేజ్ చేరిందని ఖచ్చితంగా తెలుసుకోవడం ఎలా?

పంపే పిలుపు విజయవంతమైందంటే సందేశం మీ సొంత క్యూలో చేరిందని మాత్రమే అర్థం, తీగ మీదికి వెళ్ళిందని కూడా కాదు. నిర్ధారణ కావాలంటే అవతలి ప్రోగ్రాం తన పని పూర్తి చేసిన తరువాత సందేశ సంఖ్యతో రసీదు పంపాలి. రసీదు రానంతవరకు మీరు దానిని మీ డిస్కు మీద ఉంచి, గడువు తరువాత తిరిగి పంపాలి. రసీదును సందేశం అందగానే కాకుండా డేటాబేసులో రాశాకే పంపించండి. ఈ ఏర్పాటు ఐదారు రకాల సందేశాలకు పెరిగిందంటే, మీరు మీకు తెలియకుండానే ఒక బ్రోకర్‌ను రాస్తున్నారని గ్రహించి, తయారుగా ఉన్న బ్రోకర్ వైపు వెళ్ళడం తెలివైన పని.

ఎవరైనా మా నెట్‌వర్క్‌లోకి వచ్చి తప్పుడు ధర పంపితే?

ఏ ఏర్పాటూ చేయకపోతే పంపగలరు. మామూలు టీసీపీ మీద జీరోఎంక్యూకు తాళం గానీ, గోప్యత గానీ లేవు. 4.0 నుంచి కర్వ్ అనే భద్రతా పద్ధతి ఉంది. ప్రతి పక్షానికీ 32 బైట్ల రహస్య, బహిరంగ తాళాల (కీల) జత ఉంటుంది. వాటిని ఫైళ్ళలో 40 అక్షరాల వాక్యంగా రాసుకోవచ్చు. ఇది సందేశాలను గుప్తీకరిస్తుంది, సర్వర్ అసలుదేనని క్లయింట్‌కు నిర్ధారిస్తుంది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, అది చాలదు. ఎవరెవరి బహిరంగ తాళాలను అనుమతించాలో చెప్పే ధ్రువీకరణ భాగాన్ని విడిగా నడపకపోతే, సర్వర్ బహిరంగ తాళం తెలిసిన ఏ క్లయింట్‌నైనా సర్వర్ లోపలికి రానిస్తుంది. పైజెడ్‌ఎంక్యూలో దీనికి తయారుగా ఉన్న ఆథెంటికేటర్ ఉంది. అనుమతించిన తాళాలను ఒక ఫోల్డరులో పెట్టి దానిని చూపిస్తే చాలు. ప్లెయిన్ అనే మరో పద్ధతి పేరును, పాస్‌వర్డ్‌ను దాచకుండానే పంపుతుంది, దానిని ఒకే యంత్రం లోపల తప్ప వాడవద్దు. కర్వ్ పెట్టినా సరే, పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకుండా వీపీఎన్ వెనుక ఉంచడం మంచిది.

ఒక ఐ/ఓ థ్రెడ్ చాలుతుందా, పెంచాలా?

చాలుతుంది. సెకనుకు ఒక గిగాబైటు రాకపోకలకు ఒక థ్రెడ్ అన్నది ఈ లైబ్రరీ మార్గదర్శిలోని స్థూల లెక్క. యార్డు, కాలేజీ, ఆఫీసు స్థాయి పనులు దాని దరిదాపులకు రావు. నెమ్మదిగా ఉందంటే కారణాన్ని మీ కోడ్‌లో వెతకండి.

పబ్లిషర్లు నలుగురు, బోర్డులు ఇరవై. ప్రతి బోర్డులో నాలుగు చిరునామాలు రాయాలా?

అక్కరలేదు. మధ్యలో ఒక చిన్న ప్రాక్సీ ప్రోగ్రాం పెట్టండి. దానికి ఒకవైపు ఎక్స్‌సబ్ సాకెట్, మరోవైపు ఎక్స్‌పబ్ సాకెట్ ఉంటాయి, రెండూ బైండ్ చేసి ఉంటాయి. పబ్లిషర్లు మొదటిదానికి, బోర్డులు రెండోదానికి కనెక్ట్ అవుతాయి. లైబ్రరీలోనే ప్రాక్సీ అనే పిలుపు ఉంది కాబట్టి ఈ ప్రోగ్రాం పది వరుసలు దాటదు. బోర్డులు చేసిన సబ్‌స్క్రిప్షన్లు దాని గుండా పబ్లిషర్ల దాకా వెళ్తాయి, అందువల్ల ఎవరూ కోరని అంశాలు తీగ మీదికే రావు. ప్రాక్సీ సందేశాలను డిస్కులో దాచదు, అది ఆగితే అందరికీ ఆగుతుంది; దానిని లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టండీ కింద సర్వీసుగా పెట్టి, పడిపోతే తనంతట తాను లేచేటట్టు చేయండి. యూపీఎస్ ఉన్న యంత్రం మీద, వేరే పనులేవీ పెట్టకుండా నడపండి.